ఈదమ్మ బొటనవేలు

డిండి కట్ట దిగువన, దేవరకొండ రోడ్డు మలుపుకాడ
నీలం పట్టా మీద చేపలు కుమ్మరిస్తే
అందరూ బరువు చూస్తరు.
ఈదమ్మ కన్ను చూస్తది.

నేను సొసైటీ తరఫున తూకం రాసేటోణ్ణి.
చెవి మీద పెన్ను, సంకల పద్దుపుస్తకం.
చేప గురించి నాకు తెలిసిందంతా కిలోలల్లనే.

ఇయ్యాల పుట్టిలకెల్లి ముందు దిగింది ఒక బొచ్చె.
పక్కటెముకల మీద వేలెడు గాయం,
పొలుసు లేసి లోపలి తెలుపు కనబడుతున్నది.
కొనేటోళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టిన్రు.
ఈదమ్మ బొటనవేలుతోని గాయం పక్కన ఒత్తింది.
గుంట పడ్డది, పడ్డట్టే లేసింది.
మొప్ప ఎత్తింది. తమలపాకు ఉమ్మంత ఎరుపు.
"నీటికాకి పొడిసింది, నిన్న పొద్దుగూకంగ.
పొడిసిన కాడికి కోసి పారెయ్, మిగిలింది వండుకో.
దెబ్బ తగిలినోడల్లా రోగిష్టోడు గాదు."

తర్వాత రెండు కొర్రమట్టలు.
నిగనిగ నలుపు, ఇంకా తోక కొట్టుకుంటున్నయి.
ఇంటికి తీస్కపోదామని
నేనే ముచ్చటపడి పక్కకు పెట్టుకున్న.
ఆమె తిరగేసింది.
పొట్ట కింద గోరింటాకు చుక్కలోలె ఎర్రటి పుండ్లు.
"పుష్యమాసం సలికి లోపట్నుంచి లేసినయివి.
బయటి గాయం మానుకుంట పోతది,
లోపలిది పూసుకుంట వస్తది."
నీళ్లల్ల ఇసిరెయ్యబోతే నా చెయ్యి పట్టింది.
కుక్కకూ ఎయ్యనియ్యలే.
తల మీద ఒక్క దెబ్బ,
కట్టకు దూరంగ మోకాలు లోతు గుంత, మీద సున్నం.
ఆ నలుపు మీద మన్ను పడుతుంటే
నాకు ధర గుర్తొచ్చింది.
సిగ్గయి పద్దుల ఏం రాయలే.

ఒకపారి అడిగిన,
నీ వేలుకు దొరకకుండ పోయిన చేప ఉన్నదా అత్తా అని.
చాలాసేపు తంబాకు నలిపింది.
"మూసీది. వలిగొండ దిక్కు నుంచి పెండ్లికి తెచ్చిన్రు.
కన్ను తేట. మొప్ప ఎరుపు. కండ బిర్రు.
వేలు ఏం చెప్పలే.
పొయ్యి మీదికెక్కినంక గిన్నెలకెల్లి
గ్యాసునూనె వాసన లేసింది.
అన్నం పెట్టుకున్నోళ్లంత చేతులు కడుక్కున్నరు.
అప్పటిసంది చేప కన్నా ముందు
ఏ నీళ్లని అడుగుత."

అట్టడుగున ఉన్నదది,
కుప్పంత పోయినంక బయటపడ్డది:
బంగారుతీగ. నడుము కొడవలి లెక్క వంగింది.
పట్నం నుంచి వచ్చినాయన ఫోన్ల ఫోటో తీసుకున్నడు,
కొనలే.
ఈదమ్మ కన్ను చూసింది, మొప్ప చూసింది,
వెన్ను పొడుగునా వేలు నడిపించింది,
వంపు కాడ ఆగింది, మళ్ల నడిచింది.
"పుట్టు వంకర. గుడ్డులనే వంగి ఉంటది.
వంగిన నడుముతోనే ఈది, తిని,
రెండున్నర కిలోలయింది. ఇంకేం గావాలె?"

"సగం ధరకిత్తాం" అన్న, పెన్ను తీసి.

అప్పటిదాక వెనక నిలబడ్డ బిక్షం
మెడ తిరగక మనిషంత తిరిగిండు.
మర్రిగూడ దిక్కు, బోరునీళ్లు తాగి పెరిగిన ప్రాణం.
పండ్ల మీద గార, ఎదురుబొదురైన మోకాళ్లు.
కింద చేపను చూడాలంటే
ఆయన కొత్తగ వంగే పని లేదు.

"గుడ్డుల వంగిందో, నీళ్లల్ల వంగిందో...
తూకమైతే తక్కువ లేదు గద?
నిండు పైసలు రాయి."

రాసిన.

ఈదమ్మ కత్తిపీట ముందటేసుకున్నది.
నిలువు కోత పడలే.
వంపు వెంట వంపుగ తిప్పుకుంట కోసింది,
ఒక్కో ముక్క ఒక్కో మందం.
సంచి చేతికిస్తూ అన్నది,
"ముండ్లు పైలం బిక్షం,
ఉండాల్సిన కాడ ఉండయి."

"గది నాకు చెప్తవా" అని నవ్విండు.
సంచి ముంజేతికి తగిలించుకొని,
బస్సు వస్తున్నదా అని చూడనీకి
మనిషంత మెల్లగ రోడ్డు దిక్కు తిరిగిండు.